చిన్నపిల్లలతో విదేశానికి వాలంటీర్లుగా: వెళ్దామా, మానేద్దామా?

బ్రాడీపేట అమ్మ:
మాది గుంటూరు. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడున్నర. వేసవి సెలవుల్లో మూడు వారాలు కంబోడియా వెళ్ళి, సియెమ్ రీప్ దగ్గర ఒక అనాథాశ్రమంలో పిల్లలకు ఇంగ్లిష్, బొమ్మలెయ్యడం నేర్పాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. కుటుంబంతో రావచ్చన్నారు, తలకింత అని ఫీజు. మా అత్తగారు వినగానే, "మంగళగిరి దాటితేనే వాడికి కార్లో వాంతులు, అంత దూరం ఎట్లా తీసుకుపోతారే" అన్నారు. ట్యాబ్ తప్ప వేరే లోకం తెలియని పిల్లలకు ఇంకొకళ్ళ బతుకు చూపించాలని నా తాపత్రయం. తప్పంటారా?

పటమట బాబాయ్:
శుభ్రంగా వెళ్ళమ్మా. మా మనవడికి ఐదేళ్ళప్పుడు నేపాల్ తీసుకెళ్ళాం. పోఖరా దగ్గర ఒక బడికి సున్నాలు వేశాం. మావాడు చేసిన సేవ, సున్నం బకెట్ తన్నెయ్యడం! కానీ భాష రాకపోయినా రెండు రోజుల్లో ఆ ఊరి పిల్లలతో కలిసిపోయాడు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు పాస్‌పోర్టూ అడగరు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు.

సింగ్‌నగర్ వాసి:
బడికి సున్నం వేరు, అనాథాశ్రమం వేరు బాబాయ్ గారూ.

2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్ళ మీద పడ్డప్పుడు ఎంతోమంది పడవల్లో వచ్చి పులిహోర పొట్లాలు, పాలు, నీళ్ళు ఇచ్చారు. వాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఒకాయన మాత్రం తన కూతురి చేత మా అమ్మాయికి బిస్కెట్ ప్యాకెట్ ఇప్పించాడు. ఫొటో సరిగ్గా రాలేదని దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ ఇప్పించాడు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ బిస్కెట్లు ముట్టుకోలేదు.

ఇక కంబోడియా సంగతి. అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. చదువు చెప్పిస్తామని ఊళ్ళ నుంచి తీసుకొస్తారు. పిల్లలు ఎంత దీనంగా కనిపిస్తే అంత చందా. అందుకే 2011లో అక్కడే "పిల్లలు టూరిస్టులు చూసే వింతలు కారు" అని ప్రచారం మొదలైంది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు, ఆశ్రమాల కోసం పిల్లల్ని ఇలా తరలించడం కూడా చర్చకు వచ్చింది. మీ పాపతో జట్టు కట్టిన పిల్ల, మీరు విమానం ఎక్కగానే ఇంకో పాపతో జట్టు కట్టాలి. ఏడాదికి ఎన్నిసార్లు?

బ్రాడీపేట అమ్మ:
ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళం కాదండీ మేము. అందర్నీ ఒకే గాటన కడితే ఎలా?

అరండల్‌పేట:
బయటివాళ్ళు వద్దంటే మన కుగ్లర్ ఆసుపత్రి ఎక్కడిది? అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు రాబట్టే కదా.

సింగ్‌నగర్ వాసి:
వచ్చిన పదిహేనేళ్ళకు, 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో ఇక్కడే కన్నుమూసింది. పైగా డాక్టరు. మూడు వారాల లెక్కకు ఆవిణ్ణి తేకండి!

పిల్లల వార్డు సిస్టర్:
మూడున్నరేళ్ళ వాడి గురించి ఎవరూ మాట్లాడరేంటి? అక్కడ డెంగీ ఉంది, జపనీస్ మెదడువాపు ఉంది. టీకాల గురించి కనీసం నెలన్నర ముందే పిల్లల డాక్టర్ని కలవండి. అంగ్‌కోర్ గుళ్ళ దగ్గర కోతులు ఉంటాయి, కరిస్తే రేబిస్ టెన్షన్. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడినుంచే పట్టుకెళ్ళండి. మీ వాడి దగ్గూ జలుబూ ఆశ్రమం పిల్లలకు అంటించకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

వీసా కూడా చూసుకోండి అక్కా. జీతం లేకపోతే పని కాదనుకుంటాం. బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్ళి రిజిస్టరైన చారిటీకి 30 రోజుల దాకా సాయం చెయ్యొచ్చు. అన్ని దేశాలూ అలా లేవు. ఎంబసీనే అడగండి, ఫీజు తీసుకునేవాళ్ళను కాదు.

వాళ్ళను మాత్రం ఒక్క మాట అడగండి: మా పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ పంపమంటారా అని.

పటమట బాబాయ్:
అన్నిటికీ ఇట్లా భయపడితే గన్నవరం కూడా దాటలేం తల్లీ.

బ్రాడీపేట అమ్మ:
అడిగాను. "అవేమీ అక్కర్లేదు మేడమ్, అడ్వాన్స్ కడితే చాలు" అన్నారు.

రాత్రి నిద్ర పట్టలేదు. మా బాబును ప్లేస్కూల్ నుంచి తీసుకురావడానికి మా తమ్ముడు వెళ్తే, నాకు ఫోన్ చేసి రూఢి చేసుకుంటే గానీ వదలరు. ముక్కూ మొహం తెలియని మమ్మల్ని అక్కడ పిల్లల గదుల్లోకి నేరుగా రానిస్తారట.

ఆశ్రమం మానేశాం. టిక్కెట్లు ఉన్నాయి కాబట్టి పది రోజులు అంగ్‌కోర్ చూసి వస్తాం. 12 ఏళ్ళ లోపు పిల్లలకు గుళ్ళ దగ్గర టిక్కెట్ లేదు, అదొక ఊరట. సింగ్‌నగర్ గారూ, మీ అమ్మాయి సంగతి మా పాపకు చెప్పాను. "ఫొటో తీసినాయన సారీ చెప్పాడా?" అంది.

సింగ్‌నగర్ వాసి:
లేదమ్మా.

పటమట బాబాయ్:
వాంతులకు ఉప్పులో ఊరేసిన ఉసిరి పెట్టుకెళ్ళండి. వచ్చే ఏడు నేపాల్ మాట ఆలోచించు.