ఈఆర్‌బీ టెంప్లేట్‌తో కాన్ఫిగ్ ఫైళ్లు: ఖాళీ లైన్లు, సింటాక్స్ ఎర్రర్, చెదిరిన యామల్

ప్రశ్న

ఒక డేటా ఫైలు చదివి, రూబీ భాషతో పాటే వచ్చే ఈఆర్‌బీ అనే టెంప్లేట్ లైబ్రరీతో రెండు ఫైళ్లు తయారు చేయాలి: ఒకటి ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌కు అప్‌స్ట్రీమ్ కాన్ఫిగ్ (అభ్యర్థనలు పంపాల్సిన వెనుక సర్వర్ల జాబితా), రెండోది యామల్ (ఇండెంటేషన్‌తో డేటా రాసే ఫార్మాట్) ఫైలు. రూబీ 3.2. టెంప్లేట్ ఇలా ఉంది (కోడ్ కూడా ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను):

```
అప్‌స్ట్రీమ్ యాప్ {
  <% సర్వర్లు.ఈచ్ డూ |స| %>
  సర్వర్ <%= స[:ఐపీ] %>:<%= స[:పోర్ట్] %>;
  <% ఎండ్ %>
}
```

ప్రతి సర్వర్ లైన్‌కీ పైనా కిందా ఖాళీ లైన్లు వస్తున్నాయి. చివర `-%>` అని మారిస్తే సింటాక్స్ ఎర్రర్. ట్రిమ్ మోడ్ (ట్యాగ్‌ల చుట్టూ ఖాళీలు తీసేసే సెట్టింగ్) `'>'` పెడితే ఖాళీ లైన్లు పోయాయి గానీ సర్వర్ లైన్లు, చివరి బ్రాకెట్ రెండేసి స్పేస్‌లు కుడికి జరిగాయి. యామల్‌లో మరో ఇబ్బంది: వివరణ రెండు లైన్లు ఉంటే రెండో లైన్ ఎడమ అంచుకు వెళ్లిపోయి పార్సర్ ఆగిపోతోంది. పైగా, చేత్తో నడిపితే బాగానే నడిచే స్క్రిప్ట్ క్రాన్‌లో (నిర్ణీత సమయానికి పనులు నడిపే ప్రోగ్రామ్) యూఎస్-ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలకే సరిపోయే ఎన్‌కోడింగ్) అంటూ ఎర్రర్ ఇస్తోంది. టెంప్లేట్‌లో తెలుగు వాక్యాలున్నాయి.

జవాబు 1

ముందు టెంప్లేట్ లోపల ఏం జరుగుతుందో చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఈఆర్‌బీ మీ టెంప్లేట్‌ను ఒక రూబీ ప్రోగ్రామ్‌గా మార్చి, తర్వాత దాన్ని నడుపుతుంది. మామూలు టెక్స్ట్ అంతా ఒక స్ట్రింగ్‌కు కలుపుతూ పోయే కోడ్ అవుతుంది. `<% %>` మధ్య ఉన్నది ఉన్నట్టుగా కోడ్‌లోకి వెళ్తుంది. `<%= %>` విలువను స్ట్రింగ్‌గా మార్చి కలుపుతుంది. ట్యాగ్ ముందున్న స్పేస్‌లు, తర్వాతి న్యూలైన్ కూడా టెక్స్టే కదా, అందుకే అవీ అవుట్‌పుట్‌లోకి వస్తున్నాయి.

`-%>` రాసినా ట్రిమ్ మోడ్ చెప్పకపోతే ఈఆర్‌బీకి ఆ మైనస్ గురించి తెలియదు. `డూ |స| -` అన్నంత వరకూ రూబీ కోడ్ అనుకుంటుంది. మీ సింటాక్స్ ఎర్రర్ అదే. ఇలా చేయండి:

```
ఈఆర్‌బీ.న్యూ(టెక్స్ట్, ట్రిమ్_మోడ్: '-')

  <%- సర్వర్లు.ఈచ్ డూ |స| -%>
  సర్వర్ <%= స[:ఐపీ] %>:<%= స[:పోర్ట్] %>;
  <%- ఎండ్ -%>
```

మొదటి `<%-` ఎడమవైపు స్పేస్‌లను, చివరి `-%>` వెంటనే వచ్చే న్యూలైన్‌ను తీసేస్తాయి. "వెంటనే" అన్నది ముఖ్యం: `-%>` తర్వాత ఒక్క స్పేస్ మిగిలినా న్యూలైన్ పోదు. ఎడిటర్‌లో లైన్ చివరి స్పేస్‌లు కనిపించే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. `<%= విలువ -%>` అని అలవాటుగా రాయకండి, తర్వాతి లైన్ దీనికి అతుక్కుంటుంది.

`'>'` మోడ్ `%>`తో ముగిసే ప్రతి లైన్ న్యూలైన్‌నూ తీసేస్తుంది, ముందున్న స్పేస్‌ల జోలికి మాత్రం పోదు. మీ బ్రాకెట్ అందుకే జరిగింది. `'<>'` అయితే లైన్ మొదటి అక్షరం నుంచే `<%` ఉంటేనే పనిచేస్తుంది, కాబట్టి ఇండెంట్ చేసిన లూప్‌కు పనికిరాదు. కాన్ఫిగ్ ఫైళ్లకు `'-'` ఒక్కటే నేను సిఫారసు చేస్తాను.

పాత ఉదాహరణల్లో ట్రిమ్ మోడ్ మూడో ఆర్గ్యుమెంట్‌గా కనిపిస్తుంది. రూబీ 2.6 నుంచి అది కీవర్డ్ ఆర్గ్యుమెంట్ అయింది, పాత పద్ధతిని కొత్త కోడ్‌లోకి తేకండి.

తయారైన కోడ్ చూడాలంటే టెర్మినల్‌లో `ఈఆర్‌బీ -ఎక్స్ -టీ - ఫైలుపేరు` (టీ పెద్దది, ఎక్స్ చిన్నది). దాన్నే పైప్ చేసి `రూబీ -సీ`కి ఇస్తే, నడపకుండానే సింటాక్స్ తనిఖీ అయిపోతుంది. పెద్ద పీతో `-పీ` కూడా ఇవ్వండి. అది లేకపోతే ఈ కమాండ్ `%`తో మొదలయ్యే లైన్లను కూడా రూబీ కోడ్‌గానే తీసుకుంటుంది. లేటెక్ (పత్రాలను అచ్చుకు సిద్ధం చేసే భాష) టెంప్లేట్లలో కామెంట్లన్నీ ఈ గుర్తుతోనే మొదలవుతాయి కనుక అక్కడ తప్పకుండా తగులుతుంది.

జవాబు 2

యామల్ సంగతి. ఈఆర్‌బీకి మీరు రాస్తున్నది యామలో హెచ్‌టీఎంఎలో తెలియదు, విలువను ఉన్నదున్నట్టు దింపుతుంది. మొదటి లైన్‌కు ఇండెంటేషన్ టెంప్లేట్ నుంచి వచ్చింది, రెండో లైన్‌కు ఇచ్చేవాళ్లు లేరు. స్పేస్‌లు లెక్కపెట్టి చేర్చడం కంటే జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే మరో ఫార్మాట్) లైబ్రరీ రిక్వైర్ చేసి ఇలా రాయండి:

```
వివరణ: <%= వివరణ.టు_జేసన్ %>
```

డబుల్ కోట్లు, లోపలి న్యూలైన్‌కు `\n` అన్నీ అదే చూసుకుంటుంది. తెలుగు అక్షరాలు చెక్కుచెదరవు. ఇండెంటేషన్ కంటే ప్రమాదమైనవి ఎర్రర్ ఇవ్వకుండా మారిపోయే విలువలు. కోట్లు లేకుండా `నో`, `ఆఫ్` అని ఇంగ్లిష్‌లో ఉంటే యామల్ 1.1 పార్సర్లు వాటిని ఫాల్స్‌గా చదువుతాయి. వెర్షన్ 1.10 కాస్తా 1.1 అవుతుంది. 0644ను ఆక్టల్ (8 ఆధారంగా రాసే) సంఖ్యగా తీసుకుంటాయి. 22:22 లాంటి పోర్టుల జతను 60 ఆధారంగా లెక్కించి ఒక పూర్ణసంఖ్య చేసేస్తాయి. కాబట్టి స్ట్రింగ్‌గా ఉండాల్సిన ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా మార్చి, ఆపైన టు_జేసన్ మీదుగా పంపండి.

ఫైలు మొత్తం డేటానే అయితే అసలు టెంప్లేట్ వద్దు. హ్యాష్ (పేరు-విలువ జతల పట్టిక) కట్టి `టు_యామల్` పిలవండి. చేత్తో రాసిన కామెంట్లు, వరుస అలాగే నిలవాలంటేనే టెంప్లేట్‌కు అర్థముంది.

ప్రశ్న అడిగినవారు

ఖాళీ లైన్లు, యామల్ రెండూ సరయ్యాయండి. ఇంకో రెండు సందేహాలు. రైల్స్‌లో (రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్) `<%= ఫారమ్_విత్ ... డూ |ఎఫ్| %>` నడుస్తుంది కదా, ఇక్కడ `<%=`తో బ్లాక్ రాస్తే ఎందుకు కుదరడం లేదు? రెండోది, డేటాలో పోర్ట్ లేకపోతే ఎర్రర్ రాకుండా `10.0.0.5:;` అని రాసేస్తోంది.

జవాబు 3

మామూలు ఈఆర్‌బీ `<%= ... %>` లోపలిదాన్ని బ్రాకెట్లలో పెట్టి స్ట్రింగ్‌గా మారుస్తుంది. `డూ |ఎఫ్|` దగ్గరే బ్రాకెట్ మూసుకుపోతే బ్లాక్ సగంలో తెగినట్టే. రైల్స్ 5.1 నుంచి వాడుతున్నది ఎరుబి అనే వేరే ఇంజిన్, బ్లాక్‌ను గుర్తించే ఏర్పాటు రైల్స్ దానికి చేర్చింది. హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్ (విలువలోని గుర్తులు ట్యాగ్‌లుగా పనిచేయకుండా మార్చడం) కూడా అంతే: రైల్స్‌లో దానంతటదే జరుగుతుంది, మామూలు ఈఆర్‌బీలో జరగదు. వెబ్ పేజీ తయారు చేస్తుంటే ప్రతి విలువకూ `హెచ్‌టీఎంఎల్_ఎస్కేప్` మీరే పిలవాలి. లూప్‌లకు `<%` మాత్రమే వాడండి. దాని లోపల `పుట్స్` రాస్తే అది స్క్రీన్ మీదికి పోతుంది, ఫైలులోకి రాదు.

పోర్ట్ విషయం: నిల్‌ను (విలువ లేదని చెప్పే రూబీ గుర్తు) స్ట్రింగ్‌గా మారిస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. `స[:పోర్ట్]` బదులు `స.ఫెచ్(:పోర్ట్)` రాస్తే కీ లేనప్పుడు అక్కడే కీ ఎర్రర్‌తో ఆగుతుంది. కీ ఉండి విలువ నిల్ అయితే ఫెచ్ కూడా పట్టుకోదు, అది విడిగా చూడాలి. టెంప్లేట్‌కు డేటా ఇచ్చేటప్పుడు బైండింగ్ (స్క్రిప్ట్‌లోని వేరియబుల్స్ అన్నిటినీ అందించే పద్ధతి) కాకుండా, రూబీ 2.5లో వచ్చిన `రిజల్ట్_విత్_హ్యాష్` వాడండి. పేరు తప్పితే నేమ్ ఎర్రర్ వస్తుంది. `@`తో మొదలయ్యే వేరియబుల్ అయితే లేకపోయినా నిల్ ఇచ్చి ఊరుకుంటుంది, తప్పు బయటపడదు. ఎర్రర్‌లో సరైన ఫైలు పేరు, లైన్ నంబర్ కావాలంటే ఈఆర్‌బీ ఆబ్జెక్ట్‌కు `ఫైల్‌నేమ్` కూడా పెట్టండి.

క్రాన్ ఎర్రర్‌కు కారణం లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగ్). మీ టెర్మినల్‌లో ల్యాంగ్ వేరియబుల్ యూటీఎఫ్-8, క్రాన్‌లో అది లేక రూబీ ఫైలును యూఎస్-ఆస్కీగా చదువుతోంది. క్రాన్‌ట్యాబ్‌లో మార్చినా సరిపోతుంది గానీ, కోడ్‌లోనే `ఫైల్.రీడ్(పాత్, ఎన్‌కోడింగ్: 'యూటీఎఫ్-8')` అని చెప్పడం మేలు. డేటా ఫైలుకూ ఇదే వర్తిస్తుంది.

డేటాను వేరేవాళ్లు నింపుతుంటే ఐపీ, పోర్ట్ విలువలను రెజెక్స్‌తో (టెక్స్ట్ నమూనాతో) తనిఖీ చేయాలి. రూబీలో `^`, `$` లైన్ అంచులు, స్ట్రింగ్ అంచులు కావు. రెండో లైన్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ ఆదేశం దాచి పంపినా వాటితో రాసిన తనిఖీ దాటిపోతుంది. స్ట్రింగ్ మొదటికి బ్యాక్‌స్లాష్ పెద్ద ఏ, చివరికి బ్యాక్‌స్లాష్ చిన్న జడ్ వాడండి. ఇక టెంప్లేట్ టెక్స్ట్‌నే బయటివాళ్ల నుంచి తీసుకోవడం ఎప్పుడూ వద్దు, అది వాళ్ల కోడ్‌ను మీ సర్వర్‌లో నడపడమే.

జవాబు 4

రాసే పద్ధతి కూడా చూసుకోండి. అసలు ఫైలును తెరిచి నేరుగా రాస్తే, టెంప్లేట్ మధ్యలో ఆగినప్పుడు సగం ఫైలో ఖాళీ ఫైలో మిగలవచ్చు. ముందు ఫలితం మొత్తం స్ట్రింగ్‌గా తీసుకోండి, అదే డైరెక్టరీలో ఇన్‌క్లూడ్ ప్యాటర్న్‌కు (ఎన్‌జిన్‌ఎక్స్ చదివే ఫైలు పేర్ల నమూనా) తగలని ఎక్స్‌టెన్షన్‌తో తాత్కాలిక ఫైలు రాయండి, పాతదానికి కాపీ ఉంచి రీనేమ్ చేయండి. తర్వాత కాన్ఫిగ్‌ను తనిఖీ చేసే `ఎన్‌జిన్‌ఎక్స్ -టీ` (ఇక్కడ టీ చిన్నది) నడపండి. అది సరే అంటేనే రీలోడ్, లేదంటే పాత కాపీ వెనక్కి పెట్టండి. రీలోడ్ చేసేదాకా నడుస్తున్న ఎన్‌జిన్‌ఎక్స్ పాత కాన్ఫిగ్ మీదే ఉంటుంది.