మూడు పాయింట్ల షాట్‌ను పక్కన పెడితే కర్రీ ఆటలో పిల్లలకు ఏం చూపించాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. తిరుపతిలోని ఒక పాఠశాలలో సాయంత్రం వేళ 13, 14 ఏళ్ల పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను. వారిలో సగం మందికి అమెరికా NBA లీగ్‌లో గోల్డెన్ స్టేట్ జట్టుకు ఆడే స్టీఫెన్ కర్రీ అంటే ప్రాణం. కోర్టులోకి రాగానే మూడు పాయింట్ల గీతకు రెండడుగులు వెనక నిలబడి బంతిని విసరడం మొదలుపెడతారు. పాస్ ఇచ్చిన తరువాత కదలడం, రీబౌండ్ (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతి) కోసం లోపలికి వెళ్లడం, ప్రత్యర్థి బంతి అందుకోగానే వెనక్కు పరుగెత్తడం తమ పని కాదన్నట్లు ఉండిపోతారు. అడిగితే "కర్రీ అలాగే ఆడతాడు కదా సార్" అంటారు. అలా ఆడడని నాకు తెలుసు, కానీ చూపించి ఒప్పించాలి. ఏ ఆట చూపించమంటారు?

జవాబు 1 (చిత్తూరు నుంచి)

సార్, 2022 NBA ఫైనల్స్‌లో బోస్టన్‌తో జరిగిన అయిదో ఆట చూపించండి. ఆ రోజు కర్రీ మూడు పాయింట్ల షాట్లు తొమ్మిది ప్రయత్నించి ఒక్కటీ వేయలేకపోయాడు. ప్లేఆఫ్స్‌లో ఒక్క త్రీ కూడా లేకుండా అతని ఆట ముగియడం అదే మొదటిసారి. అయినా గోల్డెన్ స్టేట్ 104-94తో గెలిచింది, అతను 8 అసిస్టులు (తోటివారి బుట్టలకు దారితీసిన పాసులు) అందించాడు. షాట్ పడని రోజున కూడా అతని మీదికి ఇద్దరు డిఫెండర్లు వస్తూనే ఉంటారు. వారు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టి, ఖాళీ అయిన తోటివాడికి సరైన క్షణంలో బంతిని వదలడం నా దృష్టిలో అతని అసలు విద్య. ఆ తరువాత మిగిలిన నలుగురు ముగ్గురి మీద ఆడతారు. అతని జట్టు సహచరుడు డ్రేమండ్ గ్రీన్ అన్నేళ్లుగా గీత లోపల అంత స్వేచ్ఛగా పాసులు ఇవ్వగలిగాడంటే దానికి మూలం ఇదే.

జవాబు 2 (తిరుపతి నుంచి)

పై సోదరుడు చెప్పింది నిజమే. అయితే పిల్లలకు బంతి ఉన్నచోటే చూపు నిలుస్తుంది కాబట్టి, పాస్ ఇచ్చాక కర్రీ ఏం చేస్తున్నాడో మాత్రమే చూడమని చెప్పండి. పాస్ ఇచ్చిన చోటే ఆగడు. మూలకు పరుగెత్తుతాడు, లేదా తనకన్నా ఎత్తయిన తోటి ఆటగాడి డిఫెండర్‌కు అడ్డుగా నిలిచి స్క్రీన్ పెడతాడు. కర్రీని వదలడానికి భయపడి ఇద్దరు డిఫెండర్లూ అతని వెంటే పోతే, స్క్రీన్ అందుకున్నవాడు రింగ్ కింద ఒంటరిగా మిగులుతాడు. ఈ బుట్టలు స్కోరు పట్టికలో కర్రీ పేరున కనబడవు, అందుకే వీటి గురించి మాట్లాడేవారు తక్కువ. రీబౌండ్లు చూపించాలంటే అదే ఫైనల్స్‌లో నాలుగో ఆట ఉంది: 43 పాయింట్లతో పాటు 10 రీబౌండ్లు, అదీ 6 అడుగుల 2 అంగుళాల మనిషి.

జవాబు 3 (చిత్తూరు నుంచి)

ఒక చిన్న సవరణ. 2015-16లో ఆటకు సగటున 2.1 స్టీల్స్‌తో (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడని చెప్పి అతన్ని గొప్ప డిఫెండర్‌గా చూపకండి. ఆ సీజన్ చివర ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ జట్టు పదేపదే స్క్రీన్లు పెట్టి, బలమైన తమ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ను అడ్డుకోవడానికి అతన్నే రప్పించింది. పాస్ దారిని ముందే పసిగట్టే చూపు, చేతి వేగం అతనికి మొదటి నుంచీ ఉన్నాయి. బలమైనవాడు మీదికి తోసుకొస్తే నిలబడే శక్తిని మాత్రం కండ పెంచుకుని ఏళ్ల తరబడి సంపాదించుకున్నాడు. సన్నగా ఉన్న మన పిల్లలకు ఈ రెండో సంగతే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆదివారం అయిదో ఆటే చూపిస్తాను. సోమవారం నుంచి పాస్ ఇచ్చినవాడు వెంటనే స్క్రీన్ పెట్టనిదే ఆ జట్టు షాట్ వేయకూడదన్న నియమంతో ముగ్గురేసి పిల్లలను ఆడిస్తాను.