విజర్డ్ ఆఫ్ ఓజ్ బుక్స్ మొత్తం 14 అంట, పాపకి ఏ ఆర్డర్‌లో చదివించాలి?

సిక్కోలు_చిన్నది:

అందరికీ నమస్తే అండి. మేం డాలస్‌లో ఉంటాం, పాప థర్డ్ గ్రేడ్. వికెడ్ సినిమా చూసిన దగ్గర్నుంచీ ఇంట్లో ఓజ్ అనే ఆ మాయాదేశం తప్ప ఇంకో మాట లేదు, సరే పుస్తకం చదివిద్దాం కదా అని లైబ్రరీకి తీసుకెళ్తే అక్కడ ఒకటి కాదు, ఒక అర నిండా ఉన్నాయి, అన్నిటి మీదా ఎల్. ఫ్రాంక్ బామ్ అనే పేరే. నాకు తెలిసిందల్లా డొరొతి, కుక్కపిల్ల, గడ్డిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం, అంతే, అదీ టీవీలో వచ్చిన పాత సినిమా పుణ్యమా అని. ఇవన్నీ వరసగానే చదవాలా, మధ్యలో ఏది పట్టుకున్నా పర్లేదా? పిల్ల కాస్త భయస్తురాలు, రాత్రి పడుకునే ముందు చదువుతాం, మరీ రక్తాలూ అవీ ఉంటే నాకు నిద్రుండదు. ఇంకోటి, వికెడ్ పేరుతోనే లావుపాటి నవల ఒకటుంది, అట్ట మీద సినిమా బొమ్మే, అది కొనమని ఒకటే పేచీ. కొనొచ్చా? ఆఖరిది, ఇక్కడ ఫ్రెండ్ ఒకావిడ ఆ రైటర్ నేటివ్ అమెరికన్ల గురించి చాలా ఘోరంగా రాశాడు, నేనైతే మా పిల్లలకి ఇవ్వను అంది. నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాగితప్పడవ:

ముందు అర్జెంటుది చెప్తా, ఆ వికెడ్ నవల కొనకండి. అది గ్రెగరీ మగ్వైర్ 1995లో పెద్దవాళ్ళ కోసం రాసింది, బామ్‌కీ దానికీ చుట్టరికం పాత్రల వరకే. లోపల రాజకీయాలు, సెక్సు, హత్యలు అన్నీ ఉంటాయి. కాలేజీకి వెళ్ళాక చదువుకుంటుంది లెండి.

ఇక అసలు సిరీస్. మొదటిది 1900లో వచ్చింది, పద్నాలుగోది 1920లో, అది ఆయన పోయాక. తర్వాత రూత్ ప్లమ్లీ థాంప్సన్ అనే ఆవిడ ఇంకో 19 రాసింది గానీ వాటి జోలికి ఇప్పుడే వద్దు. నా లెక్కలో మొదటి ఆరూ వరసలో చదవాలి, ఆ తర్వాతవి ఎలా చదివినా నష్టం లేదు. ఆరే ఎందుకంటే ఆరోదాంతో ఆయన దుకాణం కట్టేద్దాం అనుకున్నాడు, అది సాగలేదు, ఆ గొడవ తెలిస్తే ఈ పుస్తకాలు ఎందుకు ఇలా ఉన్నాయో అర్థమవుతుంది.

అసలు ఆయనకి సిరీస్ రాసే ఆలోచనే లేదు. మొదటి బుక్ హిట్టయింది, 1902లో షికాగోలో దాన్ని నాటకంగా వేస్తే అదింకా పెద్ద హిట్టు, పిల్లలేమో ఇంకో ఓజ్ కథ కావాలని ఉత్తరాల మీద ఉత్తరాలు, సరే అని 1904లో రెండోది రాసి ఆ నాటకంలో గడ్డిబొమ్మ, రేకు మనిషి వేషాలేసిన ఇద్దరికీ అంకితమిచ్చాడు. అందులో డొరొతి లేనే లేదు, పాప అడుగుతుంది, ముందే చెప్పేయండి. 1907లో ఓజ్మా ఆఫ్ ఓజ్, 1908లో నాలుగోది, 1909లో ఐదోది. ఆ ఐదోదాంట్లో కథంటూ ఏం లేదు, నడుచుకుంటూ పోవడం, చివర్లో పెద్ద బర్త్‌డే పార్టీ, ఆ పార్టీకి వచ్చే గెస్టుల్లో చాలామంది బామ్ వేరే పుస్తకాల్లో పాత్రలు. అంటే ఓజ్ చదివే పిల్లలకి తన మిగతా బుక్కులు అంటగట్టే ప్రయత్నం అన్నమాట, పక్కా పబ్లిసిటీ.

1910లో ఎమరాల్డ్ సిటీ ఆఫ్ ఓజ్. ఇందులో డొరొతి వాళ్ళ హెన్రీ బాబాయి పొలం తాకట్టులో ఉంటుంది, గాలివాన ఇల్లెత్తుకుపోయాక కొత్తిల్లు కట్టుకోడానికి చేసిన అప్పు అది. బ్యాంకువాళ్ళు ఖాళీ చెయ్యమంటారు. డొరొతి ఆ ముసలాళ్ళిద్దర్నీ ఓజ్‌కే తెచ్చేసుకుంటుంది. పిల్లల బుక్కులో మార్ట్‌గేజ్ ఏంట్రా బాబూ అనిపిస్తుంది, కానీ అప్పటికి బామ్ కూడా పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. 1908లో సొంత డబ్బు పోసి, సినిమా ముక్కలు, రంగుల స్లైడ్లు, ఆర్కెస్ట్రా పెట్టి, తనే తెల్ల సూటేసుకుని స్టేజీ మీద నిలబడి కథ చెప్తూ ఓజ్ షో ఒకటి ఊరూరా తిప్పాడు, జనం వచ్చినా ఖర్చు రాలేదు. ఈ ఆరోదాని చివర్లో మంచి మంత్రగత్తె గ్లిండా మంత్రంతో ఓజ్ మొత్తం బయటివాళ్ళకి కనబడకుండా పోతుంది, ఇక మీకు మా కబుర్లు రావు అని డొరొతి దగ్గర్నుంచి చీటీ వస్తుంది. శుభం కార్డు.

మరుసటేడు 1911లో దివాలా పిటిషన్ పెట్టాడు. ఓజ్ కాకుండా వేరే ఫాంటసీలు రెండు రాసి చూశాడు, అవి ఓజ్ అంత అమ్ముడుపోలేదు. 1913లో మళ్ళీ ఓజే దిక్కయింది. మరి కనబడకుండా పోయిన దేశం కబుర్లు ఎలా వస్తాయి? వైర్‌లెస్ టెలిగ్రాఫ్‌లో వస్తున్నాయని ముందుమాటలో రాసేశాడు, ఆ ఐడియా ఒక చిన్న పాఠకుడు ఇచ్చిందేనట! ఆ ఏడో పుస్తకం, పాచ్‌వర్క్ గర్ల్, చాలా బావుంటుంది. తర్వాతవాటిలో కొన్ని మాత్రం అతుకుల బొంతలే, ఎనిమిదోది స్టేజీ నాటకం నుంచి, తొమ్మిదోది ఆయనే తీసిన సినిమా నుంచి, పదోది రింకిటింక్ ఎప్పుడో 1905లో రాసి పక్కన పడేసిన కథకి చివర్న ఓజ్ ముక్క కలిపి. అందుకే ఆరు తర్వాత వరస పట్టించుకోవద్దు అన్నా.

భయం సంగతి. మొదటి బుక్కులో రేకు మనిషి గొడ్డలితో 40 తోడేళ్ళ తలలు నరుకుతాడు. అసలు వాడు రేకు మనిషి అయిందే మంత్రించిన గొడ్డలి వాడి కాళ్ళూ చేతులూ ఒక్కోటీ నరికేస్తుంటే రేకులు కొట్టేవాడు కొత్తవి బిగిస్తూ పోతే. వినడానికి ఘోరంగా ఉంది గానీ చుక్క రక్తం కనబడదు, బామ్ చాలా మామూలుగా చెప్పేసి ముందుకెళ్ళిపోతాడు, పిల్లలు తట్టుకుంటారు. నాలుగోది ఒక్కటే కాస్త చీకటిగా ఉంటుంది, భూమిలోపల తిరగడం, చెక్కతో చేసిన ఎగిరే పిశాచాలు, అది పగలు చదవండి.

ఓరుగల్లు_పోరడు:

పైన అన్న మస్తు చెప్పిండు. అక్కా, మూడోది ఓజ్మా ఆఫ్ ఓజ్ మాత్రం అస్సలు ఇడిసిపెట్టకు, నన్నడిగితే మొదటిదానికన్న గదే బెస్ట్. అండ్ల టిక్‌టాక్ అని రాగి మనిషి ఉంటడు, ఆలోచనకొక చావీ, మాటకొక చావీ, నడకకొక చావీ, ఏది అయిపోతే అది తిప్పాలె. 1907ల రాసిండు, రోబో అన్న మాటనే ఇంకా పుట్టలే అప్పటికి. ఆకలి పులి ఒకటుంటది, దానికి బొద్దుగున్న పసిపిల్లలను తినాలని మస్తు కోరిక, కని మనస్సాక్షి ఒప్పుకోదు, బుక్కంత గదే ఏడుపు. మా ఇంట్ల అన్నం తిననని మొండికేస్తే ఆకలి పులి పేరు చెప్తే నవ్వుకుంట తింటరు పోరగాండ్లు.

ముఖ్యమైంది భూమి లోపటి రాజు, నోమ్ కింగ్. ఒక రాణిని, ఆమె పిల్లలు పదిమందిని పట్టుకపోయి బొమ్మలు చేసి తన మహల్ల అలంకారం పెట్టుకుంటడు. డొరొతి వాళ్ళు ఒక్కొక్కలు లోపటికి పోయి వందల బొమ్మలల్ల ఏది మనిషో కనిపెట్టాలె, తప్పు చెప్తే వీళ్ళు గూడ బొమ్మలైపోతరు. ఒక్కొక్కలు పోవుడు, ఎవ్వలు తిరిగి రాకపోవుడు, చదువుతాంటే నాకే టెన్షనైంది. ఆఖరికి కాపాడేది ఎవలనుకున్నవ్, బిలీనా అనే కోడి! రాజుగాని కుర్చి కింద గుడ్డు పెడ్తది, ఆ నోమ్‌లకు గుడ్డంటె విషం. తలకాయలు మార్చే రాకుమారి గూడ ఇండ్లనే, అల్మారల 30 తలకాయలు తాళమేసి పెట్టుకుంటది, డొరొతి తలకాయ నచ్చింది ఇయ్యమంటది. మావోనికి గదే ఫేవరెట్ చాప్టర్. మీ పాప భయపడ్తదేమో చూసుకో.

ఇంకోటి, వికెడ్ చూసి బుక్కు తెరిస్తె పాప డిసప్పాయింట్ అయితదేమో ముందే చెప్పు. బుక్కుల పడమటి మంత్రగత్తె పచ్చగుంటదని ఎక్కడ లేదు, ఆ పచ్చరంగు 1939 సినిమాది. బుక్కుల ఆమెకు ఒంటికన్ను, చేతిల గొడుగు, ఉండేది గూడ కొంచెం సేపే. చెప్పులు గూడ ఎర్రటివి కావు, వెండివి. కలర్ సినిమాల మంచిగ కొడ్తదని ఎరుపు చేసిండ్రు.

నీలిసిరా:

మీ ఆఖరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే.

బామ్ 1888లో భార్యాపిల్లల్తో డకోటాలో అబర్డీన్ అనే ఊరికి వెళ్ళి బామ్స్ బజార్ అని ఫ్యాన్సీ షాపు పెట్టాడు. వానల్లేక రైతుల చేతిలో డబ్బాడక షాపు మూతపడింది, అప్పుడు అబర్డీన్ సాటర్‌డే పయనీర్ అనే వారపత్రిక తీసుకుని నడిపాడు. 1890 డిసెంబర్ 15న సూ జాతి నాయకుడు సిట్టింగ్ బుల్‌ని చంపేశారు, ఐదు రోజులకి ఈయన మిగిలిన నేటివ్ అమెరికన్లని కూడా సమూలంగా లేకుండా చెయ్యాలి అని ఎడిటోరియల్ రాశాడు. డిసెంబర్ 29న వూండెడ్ నీ అనే చోట సైన్యం ఆడవాళ్ళూ పిల్లలతో సహా వందలమందిని చంపింది, ఆ తర్వాత జనవరి 3న మళ్ళీ అదే మాట. వ్యంగ్యంగా రాశాడని కొందరు వెనకేసుకొస్తారు, నేను ఆ రెండూ చదివాను, నాకైతే వ్యంగ్యం కనబడలేదు. విచిత్రం ఏంటంటే అదే పత్రికలో ఆడవాళ్ళకి ఓటుహక్కు కావాలని గట్టిగా రాసేవాడు, వాళ్ళ అత్తగారు మటిల్డా గేజ్ ఆ ఉద్యమంలో పెద్ద పేరు, ఆవిడ నేటివ్ అమెరికన్ల పక్షాన కూడా రాసిన మనిషి, మోహాక్ అనే నేటివ్ అమెరికన్ జాతివాళ్ళు ఆవిడని తమ కుటుంబంలో కలుపుకున్నారు. అలాంటి ఇంట్లో ఉండి ఇలా రాశాడు మరి. 2006లో బామ్ వంశంవాళ్ళు వెళ్ళి సూ ప్రజలకి క్షమాపణ చెప్పారు.

పుస్తకాల్లోకి ఆ డకోటా వేరే రకంగా వచ్చింది. మొదటి బుక్కు మొదటి పేజీల్లో కాన్సస్ అంతా బూడిదరంగు, నేల, ఇల్లు, చివరికి డొరొతి వాళ్ళ ఎమ్ పిన్ని కళ్ళూ బుగ్గలూ కూడా. ఆ కరువు ఆయన చూసింది డకోటాలో, కాన్సస్‌లో ఆయనెప్పుడూ కాపురమే లేడు. అక్కణ్ణుంచి 1891లో షికాగో, అక్కడ పింగాణీ సామాన్ల సేల్స్‌మన్‌గా ఊళ్ళు తిరిగాడు, 1897లో షాపుల అద్దాల వెనక సరుకు ఎలా పేర్చాలో చెప్పే మ్యాగజైన్ ఒకటి పెట్టాడు. ఓజ్ రాజధాని ఎమరాల్డ్ సిటీ చూడండి, గేటు దగ్గర ప్రతివాళ్ళకీ పచ్చ కళ్ళద్దాలు పెట్టి తాళం వేస్తారు, అందుకే ఊరంతా పచ్చగా మెరిసిపోతుంది. షాపు నడిపినవాడు రాసిన ఊరు అది, ఆ కళ్ళద్దాల చాప్టర్ నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుతా.

పుస్తకాలు ఇవ్వాలా వద్దా అంటే నేనైతే ఇస్తాను, ఆ ఎడిటోరియల్స్ సంగతి మిడిల్ స్కూల్‌కొచ్చాక చెప్తాను.

బందరు_లడ్డు:

మిడిల్ స్కూల్ దాకా ఆగడం దేనికండీ, అమెరికాలో పెరిగే పిల్ల, నవంబర్ వస్తే స్కూల్లో థాంక్స్‌గివింగ్ కథలు చెప్తారు, అప్పుడే నాలుగు ముక్కలు చెప్పొచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లకి మంచి కథ రాసినవాడు చెడ్డమాట రాశాడంటే అర్థం కాకపోదు. నా గొడవ ఎడిటోరియల్స్ కంటే పుస్తకాల్లోపలి వాటితో. పాచ్‌వర్క్ గర్ల్‌లో టాటెన్‌హాట్స్ అని ఒక జాతి వస్తుంది, నల్లవాళ్ళని వెక్కిరించే తీరులో రాశాడు, బొమ్మలు కూడా అలాగే. కొన్ని కొత్త ఎడిషన్లలో మార్చారు, పాతవాటిలో అలాగే ఉంటుంది. మీరు పక్కన కూచుని చదివితే మంచిది.

సిక్కోలు_చిన్నది:

అమ్మో, ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. వికెడ్ నవల క్యాన్సిల్. పిల్లకి కోడి గుడ్డు సంగతి చెప్తే పగలబడి నవ్వింది, మొదటిది వదిలేసి మూడోదే చదువుతానంటోంది ఇప్పుడు. ఎక్కడ కొనమంటారు? ఆన్‌లైన్‌లో ఒకే పేరుతో పాతిక రకాలు కనబడుతున్నాయి, కొన్ని మరీ చీప్.

కాగితప్పడవ:

ఆ చీప్‌వి వద్దు. 14కీ కాపీరైట్ అయిపోయింది కాబట్టి ఎవరు పడితే వాళ్ళు ప్రింట్ కొట్టి అమ్ముతున్నారు, నేనొకటి తెప్పిస్తే బొమ్మల్లేవు, చాప్టర్ పేర్లు పేజీ మధ్యలో వేలాడుతున్నాయి, అట్ట మీద కథకి సంబంధంలేని కోట ఫోటో. వినడానికైతే లిబ్రివాక్స్ అనే సైట్‌లో ఫ్రీ ఆడియో ఉంది, చదవడానికి గూటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీ. కొనేట్టయితే మాత్రం పాత బొమ్మలున్నవే కొనండి, మొదటిదానికి డెన్స్‌లో అనే ఆర్టిస్టు, మిగతా 13కీ జాన్ ఆర్. నీల్ వేశారు. డెన్స్‌లో బొమ్మలేసిన మొదటి ఎడిషన్‌లో కాన్సస్ పేజీల్లో బూడిదరంగు బొమ్మలు, మంచ్‌కిన్ల దేశంలో నీలం, ఎమరాల్డ్ సిటీలో పచ్చ, కథ ఎక్కడికెళ్తే ఆ రంగు, దాన్ని అలాగే మళ్ళీ అచ్చేసినవి కూడా దొరుకుతాయి. నీల్ ఓజ్మాని గీసిన తీరు చూస్తే మీ పాప అవే గీయడం మొదలుపెడుతుంది చూడండి.

మూడోది ముందు చదువుతానంటే కొంచెం ఆపండి. ఓజ్మా ఎవరో రెండోదాంట్లో చివర్న తెలుస్తుంది, అక్కడ టిప్ అని ఒక కుర్రాడి సంగతి ఉంది, అది ముందే తెలిసిపోతే రెండో బుక్కులో సగం మజా పోతుంది. పాపని గూగుల్ కూడా చెయ్యనివ్వకండి.