అప్‌డేట్: ఖర్చు లేని ఫిజిక్స్, కెమిస్ట్రీ మెటీరియల్

విశాఖలో డిగ్రీ ఫస్టియర్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పడానికి ఖర్చు లేని మెటీరియల్ ఏముందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీద చేసే ప్రయోగాలు, ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేకపోయినా నడుస్తున్నాయి. సర్క్యూట్లకు భలే పనికొచ్చాయి.

కానీ పిల్లల్ని కదిలించింది ఆర్కే బీచ్ నీళ్లే! వడగట్టి, వంద రెట్లు పలుచన చేసి, పొటాషియం క్రోమేట్ ఇండికేటర్‌తో సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్ చేయించాను. అంటే ఇటుక రంగు వచ్చేదాకా సిల్వర్ నైట్రేట్ కొద్దికొద్దిగా కలిపి, ఎంత పట్టిందో చూసి, ఉప్పులోని క్లోరైడ్ ఎంతుందో లెక్కగట్టడం. సముద్రపు నీటిలో సగటున లీటరుకు 19 గ్రాముల దాకా క్లోరైడ్ ఉంటుంది. తక్కువ వచ్చినవాళ్లకు ‘తప్పు చేశామా మేడమ్?’ అని ఒకటే టెన్షన్. బంగాళాఖాతంలో గంగ, గోదావరి లాంటి నదులు కలుస్తాయి కాబట్టి ఉప్పు కాస్త తక్కువేనని చెప్పాను. (ఇటుక రంగు దాటించేసినవాళ్లకు ఈ సాకు చెల్లదు, ఎక్కువే వస్తుంది.)

సిల్వర్ నైట్రేట్ ఖరీదు, పొదుపుగా వాడండి. క్రోమేట్ విషం, సింకులో పోయకుండా వేరే సీసాలో పట్టండి.