నాలుగు రాత్రుల విశ్రాంతికి లగ్జరీ వెల్‌నెస్ హోటల్: ఫోటోలు కాక ఇంకేం చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న: తీరిక_కావాలి

భార్యాభర్తలం ఇద్దరమే, నాలుగు రాత్రులు. ఊళ్లు చూసే ఉద్దేశం లేదు. నిద్ర, నీళ్లు, మసాజ్, కాస్త నడక, అంతే. మాకు రెండు రకాలు కనబడుతున్నాయి. ఒకటి రిట్రీట్: పొద్దున ఆరింటి యోగా దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా టైంటేబుల్ వాళ్లదే. రెండోది మామూలు ఐదు నక్షత్రాల హోటలే, కాకపోతే స్పా బాగా పెద్దది. రేటు రెండింటికీ ఇంచుమించు ఒకటే. వెబ్‌సైట్లు చూసి తేల్చుకుందామంటే అన్నిట్లోనూ అవే తెల్ల టవళ్లు, అవే నున్నటి రాళ్లు, కళ్లు మూసుకుని పడుకున్న అదే మనిషి.

మా సంగతులు ఇవి. ఆయనకి బీపీ ఉంది, మాత్రతో అదుపులోనే ఉంటుంది. నాది పల్చని నిద్ర, పక్క గది తలుపు వేసినా మెలకువ వస్తుంది. ఇద్దరికీ రోజుకి రెండు మూడు కాఫీలు పడాలి. బుక్ చేసేముందు హోటల్ వాళ్లని ఏం అడగాలి? స్పా ప్యాకేజీ తీసుకుంటే లాభమా, విడిగా తీసుకుంటే లాభమా? సానా, ఆవిరి గది ఆయనకి పరవాలేదా?

జవాబు: గంటల_లెక్క

రోజు ఎవరి చేతిలో ఉండాలో ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. ఏ గంటకి ఏం చేయాలో ఆలోచించే పని లేకపోవడమే రిట్రీట్‌లో సుఖం. అలారం పెట్టుకుని లేవడం సెలవుల్లో కూడానా అనుకునేవాళ్లకి అదే కష్టం. మీరు రాసిన నాలుగు కోరికల్లో నిద్ర మొదట ఉంది కాబట్టి నా ఓటు హోటల్‌కే. అయితే స్పా పెద్దదన్నంత మాత్రాన సరిపోదు, అందులో మీకు చోటు దొరకాలి.

నాలుగు రాత్రులంటే నాలుగు రోజులు కాదు. చెక్ఇన్ మధ్యాహ్నం 3కి, చెక్అవుట్ ఉదయం 11కి అయితే చేతికి వచ్చేవి 3 పూర్తి రోజులు, అటూ ఇటూ రెండు ముక్కలు. అందుకే నేనైతే మొదట అడిగేది, గది ఇవ్వకముందు, ఖాళీ చేశాక కూడా స్పా వాడుకోనిస్తారా అని. సామాను పెట్టుకోవడానికి లాకరు, బట్టలు మార్చుకునే చోటు ఇస్తే ఆ రెండు ముక్కలూ కలిసి దాదాపు ఇంకో రోజు అవుతాయి. చాలా చోట్ల ఒప్పుకుంటారు గానీ అడగనిదే చెప్పరు.

ఇక చోటు సంగతి. ఒక హోటల్లో 80 గదులు ఉన్నాయనుకుందాం. నిండుగా ఉంటే 160 మంది. ట్రీట్‌మెంట్ గదులు 8. ఒక్కో గదిలో గంట ట్రీట్‌మెంట్, ఆపైన దుప్పట్లు మార్చి సర్దడానికి పావుగంట. స్పా పది గంటలు తెరిచి ఉంటే గదికి 8 చొప్పున మొత్తం 64. కాగితం మీద బాగానే ఉంది. కానీ మసాజ్ చేసేది గదులు కాదు, మనుషులు. ఒక థెరపిస్ట్ రోజుకి ఐదారు మసాజ్‌లకి మించి చేస్తే చేతుల్లో పస ఉండదు. ఆ రోజు డ్యూటీలో ఐదుగురే ఉంటే 64 కాస్తా 25, 30కి దిగుతుంది. దానికి తోడు గది తీసుకోకుండా స్పా కోసమే వచ్చే బయటివాళ్లు. శని, ఆదివారాల్లో సాయంత్రం స్లాట్లన్నీ వాళ్లవే అయిన చోట్లు తక్కువేం కాదు. కాబట్టి గదులెన్నో అడిగి ఊరుకోకండి. మీరుండే రోజుల్లో థెరపిస్టులు ఎంతమంది ఉంటారు, బయటివాళ్లని రోజుకి ఎంతమంది దాకా రానిస్తారు అని అడగండి. జవాబులో అంకె వస్తే మంచి గుర్తు. "మా అతిథులకే ప్రాధాన్యం" అని మాత్రమే వస్తే ఏమీ చెప్పనట్టే.

అలాగే "60 నిమిషాల మసాజ్" అన్నదాంట్లో చేతులు పడేది ఎంతసేపో అడగాలి. ఫారం నింపడం, బట్టలు మార్చుకోవడం, చివర్లో టీ, అన్నీ ఆ గంటలోనే కలిపేసే చోట అసలు మసాజ్ 45 నిమిషాలకి అటూ ఇటూగా ఉంటుంది. అవి బయట పెట్టి పూర్తి గంట ఇచ్చే హోటళ్లూ ఉన్నాయి. మెనూలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ప్యాకేజీ లాభమో కాదో తేల్చడం తేలిక. అవే తేదీలకి ఉత్త గది రేటు చూసి, ప్యాకేజీలో ఉన్నవాటిలో మీరు నిజంగా వాడుకునేవి మాత్రమే విడి ధరతో కలపండి. పలకరింపు పానీయం, చేతి సంచి లాంటివి కలపకండి. ప్యాకేజీ ఆ మొత్తం కంటే తక్కువైతేనే తీసుకోండి. స్పా క్రెడిట్, అంటే స్పాలో ఖర్చుపెట్టుకోమని ఇచ్చే మొత్తం, ఇచ్చేచోట షరతులు పూర్తిగా చదవాలి. వారం మధ్యలోనే చెల్లుతుందా, రోజుకింతని విడగొట్టారా, ఈ రోజు మిగిలింది రేపటికి వస్తుందా, సర్వీస్ చార్జీ అందులోంచే పోతుందా? ఎక్కువ గొడవ వచ్చేది రోజుకింత అని విడగొట్టినప్పుడే. ఒక రోజు వాటా ఒక మసాజ్‌కి చాలదు, మిగతాది మీ జేబులోంచే.

జవాబు: చప్పుడు_పటం

నిద్ర గురించి అడిగారు కాబట్టి గది సంగతి చెబుతాను. స్పా ఎంత బాగున్నా రాత్రి నిద్ర పాడైతే అంతా వృథా.

అన్నిటికంటే ముందు, పక్క గదిలోకి తలుపు లేని గది కావాలని అడగండి. గోడ ఎంత మందంగా ఉన్నా మధ్యలో తలుపుంటే పక్కవాళ్ల టీవీ మాటలతో సహా వినబడుతుంది. లిఫ్టుకీ, హౌస్‌కీపింగ్ వాళ్ల సామాన్ల గదికీ కనీసం మూడు నాలుగు గదులు ఎడంగా ఉండాలి. పొద్దున ఏడింటికల్లా ట్రాలీలు కదిలేది అక్కడినుంచే. పైన జిమ్ ఉన్న గది వద్దు, బరువులు నేలకి దించినప్పుడల్లా కప్పు దద్దరిల్లుతుంది. పై అంతస్తు మంచిదని అందరూ అంటారు గానీ డాబా మీద బార్ ఉంటే కథ మారిపోతుంది. పూల్ కనిపించే గదికి ఎక్కువ డబ్బు తీసుకుంటారు. మీలాంటివాళ్లకి ఆ గది దండగ, తోటవైపు గదే మేలు.

ఆ తేదీల్లో పెళ్లిళ్లు, కంపెనీ మీటింగులు ఉన్నాయా, మరమ్మతులేవైనా జరుగుతున్నాయా అని మెయిల్లోనే అడగండి. రద్దీ లేని సీజన్‌లో రేటు తగ్గడానికి అదొక కారణం: పూల్ ఖాళీ చేసి పైపులు, టైల్సు బాగుచేయించేది అప్పుడే. పూల్ మూసి ఉంటే గది డబ్బు వెనక్కిస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

కాఫీ మాట ఎత్తడం మంచిదైంది. కొన్ని రిట్రీట్లలో కాఫీ అసలు ఇవ్వరు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల మధ్య బాగా ముదురుతుంది, వారం దాకా సాగినా సాగుతుంది. నాలుగు రాత్రుల సెలవులో మీకు దొరికే నిండు రోజులు సరిగ్గా అవే. ఆ మగతని, చిరాకుని అక్కడివాళ్లు "శరీరంలోంచి విషాలు పోతున్నాయి" అని సర్దిచెబుతారు. విషాలూ లేవు, ఏమీ లేవు, అది కాఫీ మానిన తలనొప్పి. రిట్రీట్‌కే వెళ్లదలిస్తే పది రోజుల ముందు నుంచీ కప్పులు ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ రండి.

జవాబు: కింది_అరుగు

బీపీ విషయం. మాత్రతో అదుపులో ఉన్నవాళ్లలో చాలామందికి సానా పడుతుంది. అయినా ఆయన వాడే మందు పేరు చెప్పి డాక్టర్‌ని అడిగాకే వెళ్లండి. ఎందుకంటే వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ దిగుతుంది. నీరు తీసేసే మాత్రలు, నాళాలు వదులు చేసే మాత్రలు వాడేవాళ్లకి ఇంకాస్త దిగుతుంది. లోపల కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు, గభాలున లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.  లేచేముందు కాళ్లు కిందపెట్టి ఒక నిమిషం కూర్చోవాలి. బీపీ అదుపులో లేనివాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు అసలు వెళ్లకూడదు.

గదులన్నీ ఒకటి కావు. పొడి సానాలో వేడి 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్, తేమ తక్కువ. ఆవిరి గదిలో 40 నుంచి 50 డిగ్రీలే, కానీ తేమ నూటికి నూరు. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడే దారి ఉండదు, అంకె తక్కువే కదా అని ఎక్కువసేపు కూర్చుంటే దెబ్బ తింటారు. కిరణాలతో నేరుగా ఒంటిని వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ గది 45 నుంచి 60 మధ్య ఉంటుంది, కొత్తవాళ్లకి అది నయం. పొడి సానాలో కూడా పై అరుగుకీ కింది అరుగుకీ చాలా డిగ్రీల తేడా ఉంటుంది. ఆయన్ని కింది అరుగు మీద 5 నుంచి 8 నిమిషాలు కూర్చోమనండి. బయటికొచ్చి గోరువెచ్చని షవర్, నీళ్లు తాగడం, పావుగంట వాలుకుర్చీ. బాగుంటే ఇంకోసారి. ఆ రోజుకి అంతే.

అసలు జాగ్రత్త పడాల్సింది సానా పక్కనే ఉండే చన్నీళ్ల తొట్టి దగ్గర. 8 నుంచి 15 డిగ్రీల నీళ్లలో ఒక్కసారిగా దిగితే నాళాలు ముడుచుకుని బీపీ, గుండె వేగం ఒక్క ఉదుటున పెరుగుతాయి. వేడిలోంచి నేరుగా అందులోకి దూకడం సరదాగా కనిపిస్తుంది, బీపీ ఉన్నవాళ్లకి మాత్రం వద్దు. వేడినీళ్ల తొట్టి 40 డిగ్రీలు దాటకూడదు, 36, 37 దగ్గర ఉంటే ఇంకా హాయి. మద్యం తాగి వీటిలో దేనిలోకీ వెళ్లకండి.

వేడినీళ్లలో శుభ్రం సంగతి కూడా చూడాలి. బుడగల తొట్టిలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరగొచ్చు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి అనుకూలం, బుడగలు చిమ్మే తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. బాగా నడిపే చోట రోజూ క్లోరిన్, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) చూసి రాసి పెడతారు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఆ పట్టిక చూపించమంటే తటపటాయించకూడదు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకోకండి. చెమట, మురికితో కలిసిన క్లోరిన్ వాసన అది, గాలి ఆడటం లేదని కూడా దానర్థం.

తీరిక_కావాలి

చాలా థాంక్స్ అండీ. హోటల్ వైపే మొగ్గుతున్నాం. ఆయన డాక్టర్‌ని అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు. రోజుకి ఎన్ని ట్రీట్‌మెంట్లు పెట్టుకోవచ్చు? అక్కడికి వెళ్లాక బుక్ చేసుకోవచ్చా, ముందే చేసుకోవాలా?

జవాబు: గంటల_లెక్క

ముందే చేసుకోండి. గది ఖాయమైన రోజే, వీలైతే రెండు మూడు వారాల ముందు. ముఖ్యంగా ఇద్దరికీ ఒకే గదిలో పక్కపక్కన చేసే మసాజ్ కావాలంటే. అలాంటి గది చాలా చోట్ల ఒక్కటే ఉంటుంది, పైగా దానికి ఒకే టైముకి ఇద్దరు థెరపిస్టులు ఖాళీగా ఉండాలి. మసాజ్ చేసేది ఆడవాళ్లా మగవాళ్లా అన్న పట్టింపు ఉంటే అదీ అప్పుడే చెప్పాలి.

రోజుకి ఒక్కటి చాలు. వచ్చిన సాయంత్రం తేలికపాటిది, గట్టిగా నొక్కే డీప్ టిష్యూ రెండో రోజు పెట్టుకోండి. మర్నాడు ఒళ్లు నొప్పులుంటాయి కాబట్టి వెళ్లే రోజుకి దాన్ని ఉంచకండి. ఆయన రక్తం పల్చబడే మందులు కూడా వాడుతుంటే డీప్ టిష్యూ వద్దు, కమిలిపోతుంది. వేడి ముందు, మసాజ్ తర్వాత. తిరగేస్తే నూనె ఒంటితో సానాలోకి వెళ్లాలి, బెంచీలు జారతాయి, పక్కవాళ్లూ ఊరుకోరు. ఉప్పు రుద్దే స్క్రబ్, ఉప్పునీటిలో తేలే తొట్టి ఉన్న రోజు ముందు షేవింగ్, వ్యాక్సింగ్ చేసుకోకండి, భగభగా మండుతుంది. నట్స్ పడనివాళ్లయితే నూనె దేనితో చేశారో అడగాలి, బాదం నూనె చాలా వాటిలో ఉంటుంది.

జవాబు: చప్పుడు_పటం

ఒక చేర్పు. రివ్యూలు మొత్తం స్కోరు చూసి వదిలేయకుండా కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, మీరు వెళ్లే నెలలో రాసినవి చదవండి. వాటిలో "వాలుకుర్చీ" అన్న మాట వెతకండి. పొద్దున తొమ్మిదికే అన్నిటిమీదా టవళ్లు పరిచి ఉన్నాయని ఇద్దరు ముగ్గురు రాశారంటే ఆ స్పాలో మనుషులకి తగినన్ని కుర్చీలు లేవు. పిల్లల్ని పూల్‌లోకి ఏ వేళల్లో రానిస్తారో కూడా అక్కడే తెలుస్తుంది, హోటల్ సైట్‌లో ఆ వివరం ఎక్కడో అడుగున ఉంటుంది.

రిఫండ్ రాని రేటు మాత్రం మీ ప్రశ్నలకి మెయిల్లో జవాబు వచ్చేదాకా కట్టకండి.