మశూచి వైరస్‌ని పూర్తిగా నాశనం చేయాలా, ల్యాబ్‌లో ఉంచాలా?

పెన్నా ఒడ్డు:
మా నాయనమ్మ ముఖం నిండా స్ఫోటకం మచ్చలే. "పెద్దమ్మవారు పోసింది, నా పక్కలో పడుకున్న చెల్లెల్ని తీసుకెళ్లింది, నన్ను వదిలేసింది" అని సంతకి పోయొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పేది. ఆ జబ్బుతో చనిపోయిన చివరి మనిషి ఎవరో మొన్ననే చదివాను. ఏ బిహార్ పల్లెలోనో అయ్యుంటుందనుకున్నా. కాదు, ఇంగ్లండ్‌లో. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం మెడికల్ స్కూల్లో ఫొటోగ్రాఫర్, పేరు జానెట్ పార్కర్, 40 ఏళ్లు. 1978 ఆగస్టు 11న జబ్బుపడింది, సెప్టెంబరు 11న పోయింది. అప్పటికి బయట ప్రపంచంలో మశూచి లేనే లేదు. ముందు ఏడాది సోమాలియాలోని మెర్కాలో అలీ మావ్ మాలిన్ అనే ఆసుపత్రి వంటమనిషికి వచ్చి తగ్గిపోయింది. సహజంగా సోకిన చివరి కేసు అదే. మరి జానెట్‌కి ఎలా వచ్చింది? ఆవిడ ఫొటోలు కడుక్కునే డార్క్‌రూమ్ కింద అంతస్తులోనే మశూచి మీద పరిశోధన చేసే ల్యాబ్ ఉండేది.

అదే వైరస్ ఇప్పటికీ రెండు చోట్ల అధికారికంగా ఉంది. ఒకటి అమెరికాలో అట్లాంటాలోని సీడీసీ (అక్కడి ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ), రెండోది రష్యాలో నోవోసిబిర్స్క్ దగ్గర కోల్త్సోవోలోని వెక్టర్ అనే వైరస్ పరిశోధన కేంద్రం. పామును చంపేశామని 1980లో ప్రపంచమంతా పండగ చేసుకున్నాం, మళ్లీ ఆ పామునే బుట్టలో దాచుకున్నాం. నా ఓటు నాశనం చేయమనే. మీరేమంటారు?

రిటైర్డ్ మైక్రోస్కోపు:
ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ని, నా మాట ఉంచమనే. జానెట్ కథ విని భయపడటం సహజమే గానీ, వైరస్ ఆవిడని ఎలా చేరిందన్నది ఇప్పటికీ తేలలేదు బాబూ. గాలి గొట్టం గుండా పైకి వెళ్లిందని ప్రభుత్వ విచారణ నివేదిక చెప్పింది. అదే ఆరోపణ మీద విశ్వవిద్యాలయంపై కేసు పెడితే 1979లో కోర్టు కొట్టేసింది. ఈలోపు ఆ ల్యాబ్ అధిపతి క్వారంటైన్‌లో ఉండగానే ప్రాణం తీసుకున్నాడు. జానెట్ తండ్రి కూడా ఆ రోజుల్లోనే గుండెపోటుతో పోయాడు. తల్లికి జబ్బు సోకినా బతికింది. ఒక్క కేసుకి ఇంత జరిగింది, నేను కాదనను. కానీ ఆ ల్యాబ్‌కీ ఇప్పటి బీఎస్ఎల్-4 ల్యాబ్‌లకీ, అంటే అత్యంత కట్టుదిట్టమైన భద్రత ఉండే ల్యాబ్‌లకీ, పోలికే లేదు. ఇప్పుడు లోపల గాలి కూడా ఫిల్టర్ దాటకుండా బయటికి పోదు.

ఇంకోటి. 2018లో టెకోవిరిమాట్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. మశూచి మీద పనిచేస్తుందో లేదో తేల్చడానికి మనుషుల్లో రోగమే లేదు. అసలు వైరస్‌తో ల్యాబ్‌లో చేసిన పరీక్షలు కూడా ఆ మందు మీద నమ్మకం పెంచాయి.

చిల్లర శ్రీమహాలక్ష్మి:
సార్, 1996లో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థలో దేశాలన్నీ కూర్చునే సభ) తీర్మానం చేసింది కదా, 1999 జూన్ 30కల్లా నాశనం చేయాలని? తర్వాత 2002 అన్నారు, ఆ తర్వాత తేదీ చెప్పడమే మానేశారు. మన దగ్గర ఉరిశిక్ష పడిన ఖైదీకి క్షమాభిక్ష అర్జీ పెట్టినట్టుంది. తేడా ఏంటంటే, ఇక్కడ అర్జీ పెట్టేది జైలర్లే. "పరిశోధన ఇంకా మిగిలి ఉంది" అంటారు. 1990ల్లోనే వైరస్ జన్యుక్రమం మొత్తం చదివేశారు. ఇంకెంత మిగిలింది?

అట్లాంటా అల్లుడు:
ఆ సీడీసీ ముందు నుంచే రోజూ ఆఫీసుకి పోతాను, ఇది చదివాక రేపట్నుంచి టెన్షనే :) జోకులు పక్కన పెడితే, మీ అందరి వాదనకీ అడ్డం వచ్చే సంగతి ఒకటుంది. కెనడా శాస్త్రవేత్తలు గుర్రాలకొచ్చే మశూచి వైరస్‌ని డీఎన్ఏ ముక్కలు ఆర్డరిచ్చి తెప్పించుకుని ల్యాబ్‌లో తయారు చేశారు. 2018లో పేపర్ అచ్చయింది. మశూచి దానికి చుట్టమే. రెసిపీ అందరి దగ్గరా ఉన్నాక గిన్నె పగలగొట్టి ఏం లాభం?

పెన్నా ఒడ్డు:
అట్లాంటా అన్నా, ఆ మాట రెండు వైపులా కోస్తుంది. మళ్లీ తయారు చేసుకోగలిగితే అసలుది దాచుకోవడం ఎందుకు? అవసరమైన రోజున చేసుకోవచ్చు కదా.

రిటైర్డ్ మైక్రోస్కోపు:
గట్టి ప్రశ్నే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాశనం చేసి, అవసరమైతే మళ్లీ పుట్టిద్దామంటే, పుట్టించడం తప్పు కాదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది కదా? అది నాకు ఇంకా భయం.

వెటర్నరీ వాసు:
అందరూ మనుషుల జబ్బు గురించే మాట్లాడుతున్నారు. పశువుల్లో రిండర్‌పెస్ట్ అని ఉండేది. మందలకు మందలు పోయేవి. 2011లో అది పూర్తిగా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి నిర్మూలించిన రెండో జబ్బు అదొక్కటే. ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ దగ్గర దాని నమూనాలు చాలా ఉండేవి. జన్యుక్రమం చదివి, కంప్యూటర్‌లో దాచుకుని, 2019లో నమూనాలు నాశనం చేసేశారు. గొడవ లేదు, వాయిదాలు లేవు. పశువుల విషయంలో కుదిరింది మనుషుల విషయంలో ఎందుకు కుదరదు? ఎందుకంటే రిండర్‌పెస్ట్‌తో ఎవరూ యుద్ధం చేయరు. మశూచిని సోవియట్ యూనియన్ ఆయుధంగా తయారు చేసింది. అందుకే అవతలివాడు ముందు పారేస్తే నేనూ పారేస్తానని ఎదురుచూపులు. సైన్సు కంటే అనుమానమే ఎక్కువ పనిచేస్తోంది అక్కడ.

చిల్లర శ్రీమహాలక్ష్మి:
అదీ మాట. పంచాయితీలో గట్టు తగాదా లాగే ఉంది.

అట్లాంటా అల్లుడు:
వాసు గారూ, నేను ఉంచమనే వర్గం నుంచి సగం జరిగాను. ఒక్క అనుమానం మాత్రం మిగిలింది. రెండు దేశాలూ ఒకేరోజు నాశనం చేశాయే అనుకోండి, మొత్తం అయిపోయిందని ఎవరు చెప్తారు?

రిటైర్డ్ మైక్రోస్కోపు:
రెండేళ్లకోసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం వెళ్లి ఆ రెండు ల్యాబ్‌లూ చూసి వస్తుంది. చూపించినవి చూస్తారు. 2014లో అమెరికాలోనే బెథెస్డాలో ఒక కోల్డ్‌రూమ్ ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెలో ఆరు సీసాలు దొరికాయి, మీద మశూచి అని రాసి ఉంది. 1950ల నాటివి. వాటిలో రెండింటిలో వైరస్ బతికే ఉంది! మరుసటి ఏడాది నాశనం చేశారులే. ఆ పెట్టె ఏ లెక్కలోనూ లేదు. మా ల్యాబ్ స్టోర్‌రూమ్ గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం కూడా లేబుల్ ఊడిపోయిన సీసాలని "ఎవరివో, తర్వాత చూద్దాం" అని వెనక్కి జరిపినవాళ్లమే.

పెన్నా ఒడ్డు:
అయితే ఇంకా నాశనం చేయమనే అంటాను సార్. లెక్కలో ఉన్నవి కూడా పోతే, రేపు ఎక్కడైనా సీసా కనబడితే అది దొంగ సరుకేనని సందేహం లేకుండా తెలుస్తుంది.

రిటైర్డ్ మైక్రోస్కోపు:
ఇది నేను ఆలోచించలేదు. రేపు రాస్తాను.