వానలో కారు అద్దాలు ఎక్కించుకుని సముద్రం చూడ్డమేంటి? ఇక్కడ పెరిగినవాళ్ళు కాస్త చెప్పండి

లీడ్స్ కొత్తకాపు:

మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి వచ్చి మూడేళ్ళయింది. పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంటారు. సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళమంటారు అని ఎప్పుడడిగినా ఆవిడ నోట ఒకటే మాట, సముద్రం ఒడ్డునున్న స్కార్‌బరో. చిన్నప్పుడు ఏటా అక్కడికేనట. సరే కదా అని ఏప్రిల్లో వెళ్ళాం. చలి, గాలి, మధ్యాహ్నానికల్లా వాన. సముద్రం సిమెంటు రంగులో ఉంది. మా చిన్నాడు బకెట్టు బోర్లించి ఒక్క ఇసుక కోట కట్టేలోపే చేతులు ఎర్రగా కందిపోయాయి.

అంతకంటే వింత ఇంకోటి. ఒడ్డునున్న కార్ పార్కులో వరసగా కార్లు, ముక్కులన్నీ సముద్రం వైపే. లోపల పెద్దవయసు జంటలు అద్దాలు ఎక్కించుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, వైపర్లు అటూ ఇటూ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ దిగరే! దీనికోసం అంత దూరం రావాలా?

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు, చిన్నప్పుడే వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ ఊళ్ళంటే వీళ్ళకి అంత ప్రేమేంటి? మీ రోజుల్లో నిజంగానే బాగుండేదా, లేక ఇప్పుడు తలుచుకుంటే బాగున్నట్టుందా?

లెస్టర్ బాబాయ్:

రెండూనూ.

మాది లెస్టర్. 1969లో ఐదేళ్ళవాణ్ణి వచ్చాను. అప్పట్లో జులై మొదట్లో రెండు వారాలు ఊళ్ళో మేజోళ్ళ ఫ్యాక్టరీలు, బూట్ల ఫ్యాక్టరీలు అన్నీ ఒక్కసారే మూసేసేవారు. లెస్టర్ ఫోర్ట్‌నైట్ అనేవాళ్ళు. మా స్కూళ్ళకీ మిగతా ఊళ్ళకంటే ముందే సెలవులిచ్చేవారు. ఊరు ఊరంతా సముద్రం ఒడ్డునున్న స్కెగ్నెస్‌కో మేబుల్‌థార్ప్‌కో తరలిపోయేది. అక్కడా మా వీధివాళ్ళే కనిపించేవాళ్ళు. మా లెక్కల మాస్టారు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని నీళ్ళలో నిలబడి ఉండగా చూశాను. ఆ తర్వాత ఆయనంటే భయం పోయింది, లెక్కలూ పోయాయి.

స్కెగ్నెస్‌కి 1908 నాటి రైల్వే పోస్టరు ఒకటుంది. లావుపాటి జాలరి ఒకడు ఇసుకలో గంతులేస్తుంటాడు, 'స్కెగ్నెస్ ఈజ్ సో బ్రేసింగ్' అని రాసుంటుంది. బ్రేసింగ్ అంటే చలి చంపేస్తుందని మర్యాదగా చెప్పడం. నార్త్ సీ మీంచి ఆ గాలి కొడుతుంటే మా నాన్న ఓవర్‌కోటు వేసుకుని డెక్ చెయిర్లో ముడుచుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా చలిజ్వరం వస్తే 'బ్రేసింగ్‌గా ఉందిట' అంటాం.

ఉప్పుగాలి:

నేను బ్లాక్‌పూల్లో పెరిగాను. అంటే సెలవులకి వెళ్ళినవాళ్ళం కాదు, సెలవులకి జనం వచ్చిపడే ఊళ్ళోవాళ్ళం. నాన్నగారు ఆస్పత్రిలో డాక్టరు. 1972లో, నాకు నాలుగేళ్ళప్పుడు వచ్చాం.

మీ కార్ల సంగతికి నా దగ్గర జవాబుంది. మా వీధిలో మాదీ, ఇంకో రెండిళ్ళూ తప్పిస్తే అన్నీ బోర్డింగ్ హౌసులే, సెలవులకొచ్చినవాళ్ళకి గదులు అద్దెకిచ్చే ఇళ్ళు. పొద్దున గుడ్డూ బేకనూ పెట్టి, పది కొట్టేసరికి లాండ్‌లేడీ అందర్నీ బయటికి పంపేసేది. మళ్ళీ సాయంత్రం భోజనాల వేళకే తలుపు తీసేది. వానొచ్చినా వరదొచ్చినా, చంకలో చంటిపిల్ల ఉన్నా అంతే. తాళంచెవి ఇచ్చే మర్యాద మా వీధిలో చాలామందికి లేదు.

మరి పొద్దస్తమానం వానలో పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోతారు? ప్రామనేడ్ మీద, అంటే సముద్రం పక్క నడక దారిలో, అద్దాల షెల్టర్లుండేవి, అక్కడికి. లేకపోతే రెండు పెన్నీల నాణేలు వేసి ఆడే ఆర్కేడ్లకి. లేకపోతే వింటర్ గార్డెన్స్ అనే పెద్ద వినోదాల భవనానికి, అది 1878 నుంచీ ఉంది. అందరూ మెడలెత్తి బ్లాక్‌పూల్ టవర్ కొనని చూస్తారు, 518 అడుగులు, 1894లో తెరిచారు అని చెప్పుకుంటారు. నన్నడిగితే ఆ టవర్ అసలు గొప్పతనం దాని కాళ్ళ దగ్గరుంది: సర్కసు, బాల్‌రూము, తడవకుండా రోజంతా గడిపేయడానికి చోటు. ఆ ఊళ్ళో సముద్రానికి ఎంత కట్టారో వానకీ అంత కట్టారు. తర్వాత్తర్వాత జనం కార్లు కొనుక్కున్నాక ఆ షెల్టరే నాలుగు చక్రాల మీదికొచ్చింది. మీరు చూసినవాళ్ళు చిన్నప్పుడు అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని, ఆ అద్దాల వెనక శాండ్‌విచ్‌లు తిన్నవాళ్ళే అయ్యుంటారు. ఇది నా సొంత సిద్ధాంతం, పుస్తకాల్లో వెతక్కండి.

నా స్నేహితురాలి వాళ్ళమ్మ కూడా లాండ్‌లేడీయే. వేసవి వచ్చిందంటే దాని పడగ్గది అద్దెకి పోయేది. వంటింటి వెనక సామాన్ల గదిలో నలుగురూ సర్దుకునేవాళ్ళు. పొద్దున బడికెళ్ళే ముందు అది పదహారు పళ్ళేలు టేబుళ్ళ మీద పెట్టి వచ్చేది. వాళ్ళమ్మ ముందుగదిలో 'రండి రండి, నిద్ర పట్టిందా' అంటూ నవ్వుతుండేది, వంటింటి తలుపు దాటగానే అదే నోటితో తిట్లు. నా ఇంగ్లీషులో సగం బడిలో వచ్చింది, మిగతా సగం ఆ వంటింట్లో వచ్చింది.

లెస్టర్ బాబాయ్ గారు చెప్పినట్టే, లాంకషైర్‌లో నూలు మిల్లుల ఊళ్ళకీ మూసే వారాలుండేవి. వేక్స్ వీక్ అనేవాళ్ళు. కాకపోతే ఊరికో వారం. ఒక వారం బోల్టన్, ఒక వారం ఓల్డమ్, జులై రెండో సగంలో స్కాట్లండ్ నుంచి గ్లాస్గో వాళ్ళు. క్యాలెండరు చూడక్కర్లేదు, చిప్స్ కొట్టు ముందు క్యూలో యాస వింటే ఏ వారమో తెలిసిపోయేది. నాకు గ్లాస్గో వారం ఇష్టం. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కానీ వాళ్ళు వచ్చారంటే వీధిలో పాటలే పాటలు.

అమ్మ సంగతి చెప్పాలి. నాకు ఆరేళ్ళప్పుడు ఒకరోజు కుండపోత. మా గుమ్మం పంచన ఒకావిడ ఇద్దరు పిల్లల్నీ, ప్రామ్‌లో చంటిదాన్నీ పెట్టుకుని నిలబడింది. పక్క బోర్డింగ్ హౌస్‌లో దిగినవాళ్ళే, బరీ అనే ఊరి నుంచి వచ్చారు. అమ్మకి అప్పటికి పది ఇంగ్లీషు మాటలొచ్చేమో. తలుపు తీసి 'కమిన్, కమిన్' అని అందర్నీ లోపలికి లాగి, తువ్వాళ్ళిచ్చి, ఉప్మా చేసి పక్కన చక్కెర వేసి పెట్టింది. పిల్లలు చక్కెర ముందు తినేసి, ఉప్మా తర్వాత తిన్నారు. ఆవిడ ఏడ్చిందో, తల తుడుచుకుందో నాకు తెలీలేదు.

మరుసటేడు సరిగ్గా అదే వారం తలుపు కొట్టారు. చేతిలో పొట్లం. బరీలో పేరున్నదట, అమ్మకోసమని తెచ్చారు. నల్లగా నిగనిగలాడుతోంది. అమ్మ చాక్లెట్ కేకు జాతిదనుకుని, మంచి పళ్ళెంలో పెట్టి, నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆయన వచ్చి ఒక్క చూపు చూసి తెలుగులో మెల్లగా, 'ఇది పంది నెత్తురే' అన్నారు. బ్లాక్ పుడింగ్! జన్మలో గుడ్డు ముట్టని మనిషి మా అమ్మ. ఆ పళ్ళెం మళ్ళీ వంటింట్లోకి రాలేదు, పుడింగ్ పక్కింటి లాండ్‌లేడీకి వెళ్ళింది, ఆవిడ పొంగిపోయింది. అయినా బరీ వాళ్ళు ఇంటికెళ్ళేలోపు అమ్మ మళ్ళీ ఉప్మా చేసి పెట్టింది. తర్వాతేడు బిస్కెట్లు తెచ్చారు. ఎవరు చెప్పారో మరి.

అలా ఏడేళ్ళు వచ్చారు. ఎనిమిదో ఏడు రాలేదు. ఆ వారమంతా అమ్మ మాటిమాటికీ కిటికీ దగ్గరికెళ్ళింది. క్రిస్మస్ కార్డులో రాశారు: స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్ళామని, అక్కడ రోజూ ఎండేనని, గదికి తాళంచెవి ఇచ్చారని.

శీతాకాలం గురించి ఎవరూ అడగరు. సెప్టెంబరులో పిల్లలు బళ్ళకి పోగానే మిగతా ఊళ్ళు పడుకుంటే, మా ఊరు ఇల్యూమినేషన్స్ పెట్టి ఇంకో రెండు నెలలు లాగేది. ఒడ్డు పొడుగునా మైళ్ళ కొద్దీ దీపాలు. రాకెట్ లాగా, ఓడ లాగా దీపాలు తొడిగిన ట్రాములు. 1977లో స్విచ్ వేసింది ఎవరనుకున్నారు? గుర్రం! రెడ్ రమ్ అని, గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం మూడుసార్లు గెలిచిన గుర్రం. నాన్నగారి భుజాలెక్కి చూశాను. నాకు కనిపించినవి చెవులే. ఆ దీపాలు ఆరిపోయాక షట్టర్లు దిగేవి, బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గాడిదలు వెళ్ళిపోయేవి (వాటికి సీజన్లో కూడా శుక్రవారం సెలవు, మా నాన్నగారికి ఉండేది కాదు), గాలికి ఇసుక ట్రాము పట్టాల మీదికొచ్చేది, పోటు రోజుల్లో అలలు గోడ దాటి రోడ్డు మీద పడేవి. మా స్నేహితురాలికి తన గది తిరిగొచ్చేది. దాని మంచం మీద కూర్చుని, ఎవరో మర్చిపోయిన దువ్వెనలూ సగం చదివిన కామిక్కులూ పంచుకునేవాళ్ళం. నాకు బ్లాక్‌పూల్ అంటే అది.

మరి మేం సెలవులకి ఎక్కడికెళ్ళేవాళ్ళం? నవ్వకండి, ఇంకో సముద్రానికే. విట్‌బీ. చర్చి దగ్గరికి 199 మెట్లు. అమ్మ ప్రతిసారీ తెలుగులో లెక్కపెట్టేది. ఒక్కసారి కూడా 199 రాలేదు.

సౌత్ఎండ్ బురద:

చదవడానికి హాయిగా ఉంది కానీ అందరికీ అలా జరగలేదు. మాది ఎసెక్స్, 80ల సంగతి. బీచ్‌లో కుర్రాళ్ళు మమ్మల్ని చూసి అరిచిన మాటలు ఇక్కడ రాయలేను. అమ్మ ఆ తర్వాత చీర మీద పొడుగు కోటు వేసుకోకుండా ఒడ్డుకి రాలేదు, ఎండలో కూడా.

సౌత్ఎండ్ పియర్, అంటే సముద్రంలోకి కట్టిన పొడుగాటి వంతెన, మాత్రం నచ్చేది. ఒకటింబావు మైలు పైనే, దాని మీద బుల్లి రైలు కూడా ఉంది. అంత పొడుగెందుకంటే ఆటు సమయంలో నీళ్ళు మైలు దూరం పోయి బురద మిగులుతుంది, పడవలు ఒడ్డుకి రాలేవు. చివరిదాకా వెళ్తే ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అమ్మ అక్కడ కోటు విప్పేది.

ఉప్పుగాలి:

నిజమే. మా వీధిలోనూ ఇద్దరు ముగ్గురు మాతో మాట్లాడేవాళ్ళు కాదు. అది రాయకుండా దాటేశాను. మీ అమ్మగారు పియర్ చివర కోటు విప్పడం నాకు బాగా అర్థమైంది.

లీడ్స్ కొత్తకాపు:

అక్కా, మొన్న శనివారం పక్కింటావిణ్ణి కూడా ఎక్కించుకుని మళ్ళీ స్కార్‌బరో వెళ్ళాం. దారిలో మీ సిద్ధాంతం చెప్పి, మిమ్మల్ని కూడా పొద్దున్నే బయటికి తోసేవాళ్ళా అని అడిగాను. ఆవిడ గంటసేపు ఆపలేదు. ఉప్పూ మిరియాల సీసాలు టేబుల్ మీద పెట్టినందుక్కూడా బిల్లు వేసేవాళ్ళట! స్నానానికి వేరే డబ్బులు కాబట్టి వాళ్ళ నాన్న 'సముద్రం ఉందిగా' అనేవాడట.

వెళ్ళేసరికి వానే. సౌత్ బేలో కారు ముక్కు సముద్రం వైపు పెట్టమంది. ఫ్లాస్కు తీసింది, డబ్బాలోంచి శాండ్‌విచ్‌లు తీసింది, మా పిల్లలకి చెరో పది రెండు పెన్నీల నాణేలు లెక్కపెట్టి ఇచ్చింది ఆర్కేడ్‌కి. వాళ్ళు దిగి పరిగెత్తబోతే, 'టీ అయ్యాక' అని తలుపు మీద చెయ్యి పెట్టింది. వైపర్లు వేసి ఉంచమంది. ఉంచాను.